ఎవరడిగినా నాలుగేళ్ళే

నేను ఒక ఇత్తడి మరచెంబుని. ఇంట్లో ఎవరైనా సంచి సర్దడం మొదలుపెడితే నాకు స్థిమితం ఉండదు. ఏం పెడుతున్నారు, ఎవరి బట్టలు పెడుతున్నారు, పైన ఏం కప్పుతున్నారు అని చూస్తూనే ఉంటాను.

ఆ రోజు తెల్లవారుజామున వీరవేణి వంటింటి గడప దగ్గర కూర్చుని సంచి సర్దుతోంది. పిల్లలిద్దర్నీ తీసుకుని రాజమండ్రి షికారు వెళ్తున్నారు. పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక తిరిగి రావడం. అలాంటి ప్రయాణానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వీరవేణి స్వయంగా అల్లిన వైరు బుట్ట, అడుగున పులిహోర గిన్నె, దాని మీద పెరుగన్నం డబ్బా, పక్కన ఉడకబెట్టిన వేరుశనగకాయలు, ఒక తుండుగుడ్డ, మూలన నిలువుగా నేను. ఏ షికారుకైనా అంతే.

ఆ రోజు బుట్ట పక్కన ఇంకో సంచి ఉంది. నల్ల రెగ్జిన్‌ది, జిప్పుది, ఇంకా కొట్టు వాసన వదలనిది. వీరవేణి తన చీరలు మడతపెట్టి అందులో పెట్టింది. జాకెట్లు, లంగాలు పెట్టింది. విప్పని సబ్బు పెట్టింది. చివరికి మాగాయ సీసా తెచ్చి, మూతకి పాలిథిన్ కాగితం చుట్టి, దాని మీద గుడ్డ కట్టి, గుడ్డ మీద తాడు బిగించి చీరల మధ్య దూర్చింది. ఒక్క పూట షికారుకి సీసాడు మాగాయ ఎందుకు? పులిహోరలో మాగాయ నంజుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అత్తగారు పల్లాలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"జిప్పు పడద్దా?"

"పడతదిలే అత్తా."

"మెల్లిగా లాగు. పిల్లది లేత్తాది."

పిల్లది లేస్తే ఏమైంది? షికారు పిల్లల కోసమే కదా. వాళ్ళని లేపడానికి భయపడుతూ వాళ్ళ షికారుకి సంచి సర్దడం ఏమిటి? పైగా వసారాలో నులకమంచం మీద పడుకున్న త్రిమూర్తులు, అంటే వీరవేణి భర్త, కళ్ళు మూసుకునే ఉన్నాడు కాని నిద్రపోవడం లేదు. నిద్రపోయే మనిషి కాలి బొటనవేలు అలా ఊరికే కదలదు.

నా అనుమానం నిన్నమొన్నటిది కాదు. అది నాతోపాటే పుట్టింది. అజ్జరంలో నన్ను మట్టి మూసలో పోతపోశారు. బిందెలు, గంగాళాలు పోసే చోట నా బోటిదాన్ని ఎందుకు పోశారా అని ఆలోచిస్తే సంగతి తెలుస్తుంది. మనిషికి పరాయి ఊరి నీళ్ళ మీద నమ్మకం లేదు. అందుకని ఇంటి నీళ్ళు వెంట తీసుకెళ్ళడానికి నన్ను చేసుకున్నాడు. ఒలికిపోతాయన్న అనుమానంతో నా మెడకి మర కోసి మూత బిగించాడు. మూత పోతుందన్న అనుమానంతో దాన్ని గొలుసుతో నాకే కట్టాడు. ఇంతా చేసి, నన్నే ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఒంటి మీద పేరు చెక్కించాడు. ఇన్ని అనుమానాలు కలిపి పోసిన చెంబు ఎవర్ని చూసి నమ్ముతుంది?

నా మీద చెక్కిన పేరు సుందరమ్మ. కాలవ లాకుల దగ్గర గుమస్తాగా పనిచేసే సోమయాజులుగారు కూతుర్ని కాపురానికి పంపిస్తూ ఆ పేరు చెక్కించారు. నేను సుందరమ్మతో పడవెక్కి అత్తవారింటికి వెళ్ళాను. ఆమెకి మొదటి కాన్పు దగ్గరపడ్డాక పుట్టింటికి తీసుకురావడానికి ఆయన వచ్చారు. కాని అప్పటికే ఆలస్యమైంది. తిరుగు పడవలో ఆయన ఒక్కరే ఉన్నారు, ఒళ్ళో నేను ఉన్నాను. నా నిండా నీళ్ళున్నాయి. ఆ దారి పొడుగునా ఆయన గుక్కెడు తాగలేదు.

ఇంటికి రాగానే ఆయన నన్ను వాకిలి ఊడవడానికి వచ్చే కల్లు గీతవారి ఆవిడ చేతిలో పెట్టి, "ఇది నా కళ్ళ ముందు ఉంచకు, తీసుకుపో" అన్నారు. అంతకుముందు నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ నన్ను తాకితే చింతపండు పెట్టి తోమించేవారు. దుఃఖం వస్తే మనుషులు పద్ధతులు ఎంత తొందరగా మర్చిపోతారో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ కూతురే పల్లాలమ్మ. అప్పటికి గౌను వేసుకునే పిల్ల. సుందరమ్మ దగ్గర జడ వేయించుకున్న పిల్ల. పెద్దయ్యాక నన్ను తన కాపురానికి తెచ్చుకుంది. పేరు అరగదీయించి తన పేరు వేయించుకోమని ఎందరు చెప్పినా వినలేదు. "నాకు సేతులు రావు" అనేది.

ఇలా నేను రాజోలు దగ్గర ఒక పల్లెలో, తాటిచెట్లు గీసేవాళ్ళ ఇంట్లో స్థిరపడ్డాను.

త్రిమూర్తులు మంచి రోజుల్లో ఉన్నప్పుడు పిల్లల్ని ఊరికే ఇంట్లో ఉంచేవాడు కాదు. చెట్లకి పని లేని రోజు వస్తే చాలు, "పదండెహె" అనేవాడు. అతనికొక సిద్ధాంతం ఉండేది. "టిక్కెట్టు కొని సూసే సోటుకి ఎవడైనా ఎల్తాడు. కొనక్కర్లేని సోటు ఎతుక్కోడంలోనే ఉంది తెలివంతా."

అతను వెతికిన చోట్లు నేను చూశాను. కాలవ లాకులు తెరిచేటప్పుడు నీళ్ళు సుడి తిరిగి నురగతో లేవడం చూడటానికి వెళ్ళేవాళ్ళం. రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి, అక్కడ దిగకుండానే తిరిగి వచ్చేవాళ్ళం. రాజోలు సంతలో మేకల బేరాలు చూసేవాళ్ళం. తీర్థం లేని రోజుల్లో అంతర్వేది ఇసకలో గుంటలు తవ్వేవాళ్ళం. వాన పడితే బస్టాండులో కూర్చుని ఏ బస్సు ముందు కదులుతుందో పందేలు వేసుకునేవాళ్ళు. కూతురు దుర్గ అక్షరాలు నేర్చుకున్నది బస్సుల బోర్డుల మీదే. కొడుకు సూరి ఇంకా చంకలో పిల్లాడు, వాడికి ప్రతి బస్సూ తనదే.

ఆకలేస్తే బుట్ట తెరిచేవాళ్ళు. పులిహోర అరిటాకు ముక్కల్లో పెట్టుకుని తినేవాళ్ళు. నా మూత తిప్పి, వరసగా అందరూ నోరు తగలకుండా పైనుంచి పోసుకునేవాళ్ళు. దుర్గ ప్రతిసారీ ముక్కులో పోసుకునేది, ప్రతిసారీ అందరూ నవ్వేవాళ్ళు. అందరూ నవ్వుతున్నప్పుడే నేను ఇంకా జాగ్రత్తగా ఉండేదాన్ని. అందరూ ఉన్నారా, ఒడ్డుకి దగ్గరగా ఎవరైనా వెళ్ళారా అని చూసుకునేదాన్ని. సంతోషంలో ఉన్నవాళ్ళు చూసుకోరు కదా.

తర్వాత త్రిమూర్తులు చెట్టు మీంచి పడ్డాడు. నడుం దెబ్బతింది. అప్పటినుంచి నులకమంచమే అతనికి ఊరు. షికార్లు వీరవేణి చేతికి వచ్చాయి. ఆమె కూలికెళ్ళి, ఇంటి పని చేసి, అలసిపోయి కూడా మానలేదు. భర్త కంటే చవగ్గా తిప్పడం నేర్చుకుంది. ఆ చవకలో ఒక భాగం దుర్గ వయసు. అయిదేళ్ళ లోపు పిల్లలకి బస్సులో టిక్కెట్టు ఉండదు. దుర్గకి ఆరు నిండాయి. అయినా బస్సు ఎక్కగానే నాలుగే.

ఆ రోజు కూడా అంతే జరిగింది. నల్ల సంచి సీటు కింద ఉంది. రావులపాలెం దాటాక కండక్టరు వచ్చాడు.

"పాపకి అర టిక్కెట్టు తియ్యమ్మా."

"దానికి నాలుగేళ్ళేనండి."

"నాలుగేళ్ళకే ముందు పళ్ళు ఊడినయ్యా?"

"గట్టు మీంచి పడిందండి."

వెనక సీటాయన, "పొడుగు కూడా గట్టు మీంచి పడితేనే వచ్చిందేమోనండి" అన్నాడు. బస్సంతా నవ్వింది. కండక్టరు దుర్గ వైపు వంగి, "నువ్వు చెప్పవే. నీకెన్నేళ్ళు?" అని అడిగాడు. దుర్గ పెదాలు గట్టిగా మూసుకుని నాలుగు వేళ్ళు చూపించింది. ఆయన నవ్వి ముందుకి వెళ్ళిపోయాడు.

వీరవేణి దుర్గ చెవిలో, "అలాగే. ఎవరడిగినా నాలుగే. ఇంటికెల్లేదాకా నోరు తెరవకు" అంది.

ఇంటికి వెళ్ళేదాకా అంది. ఆమె గొంతు ఆ మాట దగ్గర కొంచెం ఆగింది. నేను దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నాను.

రాజమండ్రిలో మాకు అలవాటైన చోటు పుష్కరాల రేవు. మెట్ల మీద కూర్చుంటే గోదావరి, వంతెన, వంతెన మీద రైళ్ళు, అన్నీ ఊరికే కనిపిస్తాయి. రైలు వస్తే దుర్గ, సూరి చేతులూపుతారు. రైలు పెట్టెల్లోంచి ఎవరైనా చెయ్యూపితే అది తమకోసమే అనుకుంటారు. ఆ రోజు కూడా ఊపారు. కాని ఆ రోజు వీరవేణి వరసే వేరుగా ఉంది. రంగు ఐసు అడిగితే కొంది. బుడగలు అడగకుండానే కొంది. దుర్గకి గాజులు, సూరికి ప్లాస్టిక్ బస్సు. జామకాయ దగ్గర కూడా గీసి గీసి బేరమాడే పల్లాలమ్మ నోరెత్తలేదు.

అనుమానం నాకొక్కదానికే కాదు, దుర్గకి కూడా వచ్చింది.

"అమ్మా, ఇయ్యాల పండగా?"

"కాదు."

"మరెందుకు కొంటన్నావు?"

"కొంటే తినొచ్చు కదే. తిను."

పిల్లలు మెట్లు దిగి పాదాలు తడుపుకుంటుంటే అత్తాకోడళ్ళు నా పక్కనే కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నా అనుమానం నిజమని అప్పుడు తెలిసింది.

"ఏజెంటు ప్రకాశరావుగారు ఎగ్జిబిషన్ గేటు కాడ జీపులో ఉంటారంట అత్తా. పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించేత్తాను. అది తిరుగుతా ఉండగా ఎల్లిపోతాను."

"సెప్పి ఎల్లరాదా?"

"సెప్తే దుర్గ నా సీర ఒదలదు. అదొదలకపోతే నేనెల్లలేను. కువైటెల్లినోళ్ళందరూ ఇలాగే ఎల్లారు కదా. మీ సెల్లెలి కోడలు పిల్లోడికి పకోడీ తెత్తానని సెప్పి బస్సెక్కలేదా?"

"ఆ పిల్లోడు ఇప్పటికీ పకోడీ బండి కనపడితే దాని ముందు నిలబడి ఏడుత్తాడు" అంది పల్లాలమ్మ.

వీరవేణి నా మూత తిప్పి, నీళ్ళు పోసుకుని, ముఖం కడుక్కుంది. తాగే నీళ్ళతో ముఖం కడుక్కోవడం ఆమె ఎప్పుడూ చేయని పని.

మనుషులు పిల్లలకి అన్నీ చెప్తారు. అబద్ధమాడకూడదని చెప్తారు, కండక్టరుకి నాలుగని చెప్పమంటారు. తప్పిపోతే భయపడొద్దని చెప్తారు, తామే తప్పించుకుని పోతారు. నేను చెంబుని కనక ఏమీ అనలేను. వీరవేణికి ఇష్టమై వెళ్తోందని కూడా అనలేను. మంచం మీద మనిషి ఉన్నాడు, ఇద్దరు పిల్లలున్నారు, ఆమెకి రెండు చేతులే ఉన్నాయి. కాని ఆ పిల్లకి చెప్పకుండా పోతుందా, చెప్పి పోతుందా అన్నదొక్కటే ఆ సాయంత్రం దాకా నన్ను తినేసింది.

పొద్దు వాలాక ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. గేటు దగ్గర మళ్ళీ నాలుగు వేళ్ళు. లోపల దీపాలు, దుమ్ము, మిరపకాయ బజ్జీల పొగ, మైకులో పాటలు. రంగులరాట్నం చెక్క గుర్రాల్లో దుర్గనొకదాని మీద, సూరినొకదాని మీద కూర్చోబెట్టారు. సూరి పడకుండా పల్లాలమ్మ పక్కన నిలబడింది. వీరవేణి బుట్టలోంచి నన్ను తీసి దుర్గ ఒళ్ళో పెట్టింది.

"నీళ్ళ సెంబు జాగర్త. రెండు సేతుల్తో పట్టుకో."

ఆ మాటలో ఉన్న తెలివి నాకు వెంటనే అర్థమైంది. చేతులు ఖాళీగా ఉంటే చీర పట్టుకుంటాయి.

గుర్రాలు తిరగడం మొదలైంది. ప్రతి చుట్టులోనూ వీరవేణి అదే చోట నిలబడి కనిపించింది. దుర్గ నవ్వింది, మూసుకున్న పెదాలతోనే. తర్వాత ఒక చుట్టులో వీరవేణి లేదు. ఆమె నిలబడ్డ చోట ఎవరో బొండాలు తింటున్నారు. దుర్గ మెడ తిప్పి తిప్పి చూసింది. గుర్రాలు ఆగీ ఆగకముందే దిగింది. పల్లాలమ్మ సూరిని దింపుతోంది, చూడలేదు.

"అమ్మ నీళ్ళకెల్లుంటాది. సెంబు నా కాడుంది" అని దుర్గ తనలో తాను అనుకోవడం నాకు వినిపించింది. నన్ను గుండెలకి అదుముకుని జనంలోకి పరిగెత్తింది.

అమ్మకి నీళ్ళివ్వడానికి పరిగెత్తింది. నా లోపల నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. గాజుల కొట్లు దాటాం, ఇంద్రజాలం డేరా దాటాం, మోటారు సైకిలు గోడల మీద తిరిగే బావి దాటాం. ఎక్కడా వీరవేణి లేదు. దుర్గ నడక నెమ్మదించింది. అప్పుడొక మీసాలాయన దాని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవరమ్మాయివే నువ్వు?"

దుర్గ నోరు తెరవలేదు. అతను చెయ్యి పట్టుకున్నాడు. నాకు అతని మీద ఒక్క క్షణం కూడా నమ్మకం కలగలేదు. మీసాలు నచ్చలేదు, చెయ్యి పట్టుకున్న తీరు నచ్చలేదు, దీపాలున్న వైపు కాకుండా డేరాల వెనక దారిన నడిపించడం అసలు నచ్చలేదు. అతను కనక గేటు బయటికి నడిస్తే ఆ పిల్ల పాదం మీదైనా పడి ఏడిపించాలనుకున్నాను. అతను గేటు బయటికి నడవలేదు. మైకు ఉన్న గదికి తీసుకెళ్ళి, "జనంలో తప్పిపోయినట్టుందండి" అని చెప్పి, తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. జెయింట్ వీలు దగ్గర టిక్కెట్లు చింపే మనిషట. నా అనుమానం ఆ ఒక్కసారి తప్పింది. అందుకు నాకు సిగ్గేమీ లేదు.

మైకు దగ్గర కూర్చున్నాయన కోతి టోపీ పెట్టుకుని కిళ్ళీ నములుతున్నాడు.

"పేరేంటమ్మా?"

పెదాలు విప్పలేదు.

"ఏ ఊరు?"

లేదు.

"పోనీ ఎన్నేళ్ళు?"

ఈ ప్రశ్నకి సమాధానం దుర్గకి తెలుసు. నాలుగు వేళ్ళు చూపించింది.

ఆయన పాట ఆపి మైకులో చెప్పాడు. "నాలుగేళ్ళ పాప దొరికింది. తాలూకు పెద్దలు వెంటనే మైకు గదికి రావలెను." మళ్ళీ పాట పెట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ చెప్పాడు. ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదో తర్వాత తిరుగు బస్సులో వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. సూరిని చంకనేసుకుని దుర్గా దుర్గా అని అరుస్తూ తిరుగుతున్న పల్లాలమ్మ ఆ మాట విని, "నాలుగేళ్ళదంట, మనది కాదు" అనుకుని ఇంకోవైపు పరిగెత్తింది. గేటు బయట జీపు దగ్గరున్న వీరవేణి కూడా విన్నది. ఎవరి పిల్లో పాపం అనుకుంది. తన పిల్ల రంగులరాట్నం మీద ఉందనుకుంది. తన పిల్లకి ఆరేళ్ళు. బస్సులో కండక్టరుకి, గేటులో కాపలావాడికి చెప్పిన వయసు తల్లి మనసుకి ఎలా గుర్తుంటుంది? ఆమె జీపు మెట్టు మీద కాలు పెట్టింది.

మైకాయనకి విసుగొచ్చింది. దుర్గ చేతుల్లోంచి నన్ను తీసుకోబోయాడు. అది ఇవ్వలేదు. దాని చేతుల్లో ఉండగానే నన్ను దీపం వైపు తిప్పి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"సుందరమ్మ. మీ అమ్మ పేరు సుందరమ్మా?"

దుర్గ నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయన మైకు తీసుకున్నాడు.

"సుందరమ్మగారూ, సుందరమ్మగారూ. మీ పాప మా దగ్గర ఉంది. పాప చేతిలో మీ పేరున్న ఇత్తడి మరచెంబు ఉంది. ఎక్కడున్నా వెంటనే రావలెను."

అన్నేళ్ళ తర్వాత ఆ పేరు గాల్లో వినిపించింది. పిలిస్తే వచ్చే మనిషి కాదు. అయినా నేను గది తలుపు వైపు చూశాను.

ముందు పల్లాలమ్మ వచ్చింది. ఆ పేరు విని అక్కడే కూర్చుండిపోయిందట, మరచెంబు అన్నాక లేచిందట. ఆమె వెనకే వీరవేణి, చేతిలో నల్ల సంచితో, జుట్టు ముడి ఊడిపోయి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"దుర్గా."

మైకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా. నీ పేరు?"

"వీరవేణండి."

"చెంబు మీద సుందరమ్మ అనుంది."

"అది మా అత్తదండి."

"ఈవిడేనా మీ అత్త? మీ పేరు సుందరమ్మా?"

"కాదండి, పల్లాలమ్మండి" అంది పల్లాలమ్మ.

ఆయన కిళ్ళీ ఉమ్మేసి వచ్చి నిటారుగా కూర్చున్నాడు. "పాప వయసెంత?"

"ఆరండి."

"పాప నాలుగంటోంది. పేరు కలవట్లేదు, వయసు కలవట్లేదు. ఒక్క సంగతన్నా కలవాలి కదమ్మా పిల్లనప్పగించాలంటే." గది ముందు జనం చేరారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఇలాగే జిప్పు సంచులు పట్టుకుని తిరుగుతారని ఎవరో అన్నారు. ఆయన దుర్గని అడిగాడు. "ఈవిడ ఎవరమ్మా?"

దుర్గ తల్లినే చూస్తోంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పెదాలు మాత్రం మూసే ఉన్నాయి. ఇంటికెళ్ళేదాకా తెరవకూడదు కదా.

వీరవేణి మోకాళ్ళ మీద కూర్చుంది. "సెప్పు తల్లీ. నిజం సెప్పెయ్."

దుర్గ ఆమె చెవి దగ్గరకి వంగింది. వాళ్ళిద్దరి మధ్యా నేనున్నాను కనక నాకు వినిపించింది. "నిజం సెప్తే టిక్కెట్టు అడగరా?"

"అడగరు. అడిగినా ఇత్తాను."

అప్పుడు దుర్గ పళ్ళు లేని నోరు బాగా తెరిచి, అందరికీ వినబడేలా, "మా అమ్మ. నాకు ఆరు" అంది.

జనం నవ్వారు. మైకాయన కూడా నవ్వి, "ఆ పళ్ళు ముందే చూపిస్తే ఇంత గొడవ లేకపోను" అన్నాడు.

దుర్గ నవ్వలేదు. నల్ల సంచి వైపు చూసింది. "నువ్వు నీళ్ళకెల్లలేదా?"

ఇక్కడ అబద్ధం చాలా సులభం. నీళ్ళకే వెళ్ళానంటే సరిపోతుంది. సంచిలో పాత బట్టలున్నాయంటే సరిపోతుంది. ఆ అబద్ధం వస్తుందనే నేను కాచుకుని కూర్చున్నాను.

"లేదు" అంది వీరవేణి. "నేను కువైట్ ఎల్లిపోతన్నాను. పనికి. నీకు తెలీకుండా ఎల్లిపోదామనుకున్నాను."

దుర్గ అప్పుడు ఆమె చీర పట్టుకుంది. నన్ను కింద పెట్టి, రెండు చేతులతో పట్టుకుంది.

ఏజెంటు ప్రకాశరావు వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు. "రైలు టైమైపోతోందమ్మా, ఈ నాటకాలేంటి ఇక్కడ?"

"ఇయ్యాల రానండి."

"రాకపోతే ఎలాగ? ఈ బ్యాచ్ తప్పితే మళ్ళీ..."

"మళ్ళీ బ్యాచ్‌కే ఎల్తానండి. పిల్లకి సెప్పుకుని ఎల్తాను."

"పిల్లకి చెప్పుకుని కువైట్ వెళ్ళినదాన్ని నేనింతవరకు చూడలేదు" అని గొణుక్కుంటూ అతను వెళ్ళాడు.

ఆఖరి బస్సులో తిరిగి వచ్చాం. కండక్టరు రాగానే వీరవేణి, అతను అడక్కముందే, "రెండు ఫుల్లు, ఒక అర" అంది. దుర్గ అతని వైపు చూసి నోరు తెరిచి నవ్వింది. పల్లాలమ్మ మాత్రం, "అర తియ్యమని ఆయన అడిగాడా ఏంటే" అని సణిగింది.

మళ్ళీ కబురు వచ్చేలోగా దుర్గ అడిగినవన్నీ వీరవేణి చెప్పింది. ఎంత దూరం, అక్కడ ఏ పని, ఎవరి పిల్లల్ని ఎత్తుకోవాలి, వాళ్ళు ఏ భాషలో ఏడుస్తారు. తెలియనివి తెలియవని చెప్పింది. "ఎప్పుడొత్తావు?" అంటే "రెండేళ్ళకి" అంది. ఆ ఒక్క మాట నేను నమ్మలేదు. నాకు అలవాటు లేదు.

వెళ్ళే ముందు ఒక షికారు చేశారు. ఎదురింటి వాళ్ళ తోపుడు బండి అడిగి తెచ్చి, దాని మీద పరుపు వేసి, త్రిమూర్తుల్ని పడుకోబెట్టి, కాలవ లాకుల దాకా తోసుకుంటూ వెళ్ళారు. వెనక వీరవేణి, పల్లాలమ్మ తోశారు. దుర్గ ముందు నడుస్తూ దారిలో వాళ్ళని తప్పుకోమంది. సూరి తండ్రి పొట్ట మీద కూర్చుని బస్సు నడిపాడు. పైసా ఖర్చు లేదు. లాకు తలుపులు తెరిచినప్పుడు లేచిన తుంపర అందరి మొహాల మీదా పడింది. త్రిమూర్తులు చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు. ఆ కాసేపు నేను ఎవర్నీ కనిపెట్టుకుని ఉండటం మర్చిపోయాను. మనుషులు షికార్లకి ఎందుకు వెళ్తారో నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నేను దుర్గ ఇంట్లో గూట్లో ఉంటున్నాను. ఆమెకి ఇద్దరు పిల్లలు. షికార్లకి వాళ్ళు ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్తారు, నేను బరువట. ఎక్కడికి వెళ్ళినా, వీధి చివరి కొట్టుకి వెళ్ళినా, దుర్గ పిల్లల ముందు నిలబడి చెప్పి వెళ్తుంది. పిల్లలు ఏడుస్తారు. ఏడుస్తున్నా చెప్పే వెళ్తుంది. చుట్టుపక్కల వాళ్ళకి అది చాదస్తంగా కనిపిస్తుంది.

వీరవేణి వెళ్తానన్న ఆ మళ్ళీ బ్యాచ్ గురువారం పొద్దున బయల్దేరింది. బాగా తెల్లవారింది, పిల్లలిద్దరూ మేలుకునే ఉన్నారు. వీరవేణి వాళ్ళిద్దరికీ అన్నం కలిపి పెట్టి, వెళ్తున్నానని చెప్పి, బస్సెక్కింది. అది 1998 ఫిబ్రవరి 12. వీరవేణి తిరిగి రాలేదు.